పొరుగింటి పొగగొట్టం, థెల్మా అటకగది

థెల్మా గ్రీన్‌వుడ్‌కి అరవై ఒకటో ఏడు వచ్చింది గానీ, తనొక్కతే ఒక గదిలో తలుపు వేసుకుని నిద్రపోయిన పాపాన పోలేదు. పుట్టింట్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళకీ ఒకటే మంచం. గోడవైపు పెద్దక్క, అంచున చిన్నది, మధ్యలో థెల్మా. ఇరవై మూడో ఏట నెవిల్‌ని చేసుకుంది. నెవిల్ హాలిఫాక్స్ కొండదారుల్లో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. పగలు నాలుగు మాటలకు మించి మాట్లాడడు. రాత్రయితే మాత్రం నిండు బస్సుని రెండో గేరులో ఎత్తు మీదికి ఎక్కిస్తున్నట్టు గురక. మధ్యలో ఒక్క క్షణం ఆగుతుంది. ఎవరో స్టాపులో దిగుతున్నారనుకోవాలి. మళ్ళీ బయల్దేరుతుంది.

ఒకసారి పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ చేస్తే, ఆసుపత్రిలోనైనా హాయిగా పడుకోవచ్చని సంబరపడింది. ఆ వార్డులో ఎనిమిది మంచాలు.

ఆ వీధిలో ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనించి కట్టిన వరుస ఇళ్ళు. కింద రెండు గదులు, పైన రెండు. పైన ఉన్న రెండో గది ఏనాడో స్నానాలగది అయిపోయింది. గ్రీన్‌వుడ్‌లది వరుసలో చివరి ఇల్లు కాబట్టి ఒకవైపే పొరుగు. అటు మిస్టర్ బరక్లఫ్. థెల్మా, నెవిల్‌లకి పిల్లలు కలగలేదు. బడి వంటగదిలో రోజుకి మూడు వందలమంది పిల్లలకి వండి వడ్డించింది కాబట్టి తన వంతు కంటే ఎక్కువే పెంచానని థెల్మా నవ్వేసేది. ఆ ఉద్యోగం మానేసిన వారం, శుక్రవారం సాయంత్రం, చేపలూ చిప్సూ కాగితంలోంచే తింటూ మొగుడితో అంది.

"నెవిల్, అటకలో ఒక గది కట్టించుకుంటాను."

"ఏ అటక?"

"మనకి ఎన్ని ఉన్నాయేంటి?"

నెవిల్ నోటి దాకా వచ్చిన చేపముక్క అక్కడే ఆగిపోయింది. ముఖంలో రంగు పోయింది. "అటక మంచిది కాదు, థెల్."

"మంచిదీ చెడ్డదీ ఏంటి, అదేమన్నా కుక్కా?"

"పైన గాలి. పావురాలు. నువ్వెప్పుడూ ఎక్కలేదు, నీకు తెలీదు."

"నువ్వు ఎక్కనిస్తేగా. క్రిస్మస్ దీపాల పెట్టె కూడా నువ్వే దింపుతావు, నువ్వే ఎక్కిస్తావు. నాకొక మంచం, కుట్టుబల్ల, కప్పులో కొండల వైపు ఒక కిటికీ. ఇంతే నాకు కావాల్సింది."

"నేను సోఫాలో పడుకుంటా. గదంతా నీదే."

"ఆరడుగుల మనిషివి ఆ సోఫాలో పడుకుంటే, పొద్దున నీ నడుముకి మందు రాయాల్సింది నేను."

నెవిల్ కాగితాన్ని మడిచి మడిచి తపాలాబిళ్ళంత చేశాడు. థెల్మాకి జాలేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత పెళ్ళాం పక్కలోంచి లేచి పైకి పోతానంటే ఏ మగాడికి కష్టంగా ఉండదు? ఆయన బట్టతల మీద ఒక ముద్దు పెట్టి, "పగలంతా నీ దగ్గరే ఉంటాలే" అంది. ఆయన ముఖంలో దిగులు ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

గ్లెన్ అనే మేస్త్రీ వచ్చాడు. ఇల్లు చూసి పళ్ళ సందున గాలి పీల్చాడు. అక్కడి మేస్త్రీలు ఏ ఇల్లు చూసినా ముందు ఆ పని చేస్తారు. అటక ఎక్కబోతుంటే నెవిల్ నిచ్చెన ముందు నిలబడ్డాడు. "పైన లైటు లేదు, దుమ్ము. కొలతలు నేను తెచ్చిస్తా" అని తనే ఎక్కి, తనే కొలిచి, కాగితం మీద రాసిచ్చాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ప్రమాదం చెయ్యని డ్రైవరు చెప్పిన కొలతలు గదా అని గ్లెన్ వాటినే ఇంజినీరుకిచ్చాడు. ఇంజినీరు తన బల్ల దగ్గరే కూచుని చక్కటి పటం గీశాడు. చివరి గోడ నుంచి బరక్లఫ్ గారి ఉమ్మడి గోడ దాకా ఒక ఇనుప దూలం, దాని మీద థెల్మా గది.

"ఇంకొక్కటి, మిసెస్ గ్రీన్‌వుడ్" అని గ్లెన్ ఆమె చేతికొక కాగితం ఇచ్చాడు. "ఉమ్మడి గోడ జోలికి పోతున్నాం గదా. రెండు నెలల ముందు పక్కింటాయనకి ఈ నోటీసు ఇవ్వాలి. చట్టం. ఆయన సరే అని సంతకం పెడితే అయిపోయినట్టే."

థెల్మా చదివింది. పైన లావుపాటి అక్షరాల్లో చట్టం పేరు. కింద, 'ఇందుమూలముగా తమరికి తెలియజేయునదేమనగా' అంటూ మొదలై, 'అట్లు సమ్మతి తెలుపని యెడల వివాదము ఏర్పడినట్లు భావించబడును' అని ముగిసింది. చదువుతుంటేనే ఆమెకి చెమటలు పట్టాయి. ఆ వీధిలో ఇలాంటి కాగితం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళిందంటే ఆ రెండిళ్ళ మధ్యా ఇంక మాటల్లేనట్టే. ముప్ఫై నాలుగేళ్ళ పొరుగు. ఆయన భార్య ఎడ్నా పోయినప్పుడు నెల రోజులు ఈ ఇంటి నుంచే గిన్నెలు వెళ్ళాయి. అలాంటి మనిషి చేతిలో 'వివాదము' పెట్టడమా?

అందుకని నోటీసుని చేతిసంచీలో పెట్టుకుని, నిమ్మకాయ కేకు ఒకటి చేసుకుని వెళ్ళింది. కేకు తింటూ, మధ్యలో, ఏదో గుర్తొచ్చినట్టు చెప్దామని.

మిస్టర్ బరక్లఫ్ తివాచీల మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. డెబ్బై తొమ్మిదేళ్ళు. చెత్తడబ్బా బయట పెట్టడానికి కూడా టై కట్టుకుని వస్తాడు. ముందు గదిలో ఎడ్నా పియానో ఇప్పటికీ నిగనిగలాడుతూ ఉంటుంది.

"కేకు చాలా బాగుందండీ, మిసెస్ గ్రీన్‌వుడ్."

"నిమ్మకాయలు ఈసారి మరీ పుల్లగా వచ్చాయండీ."

"నిమ్మకాయలు పుల్లగానే ఉంటాయి గదండీ."

"అవుననుకోండి."

గడియారం కాసేపు వాళ్ళిద్దరి తరఫునా మాట్లాడింది. థెల్మా సంచీ తెరిచింది. చేతికి కాగితం తగిలింది. సగం బయటికొచ్చిన దాన్ని మళ్ళీ లోపలికి తోసి, చేతిగుడ్డ తీసి ముక్కు తుడుచుకుంది.

"జలుబు చేసిందా?" అన్నాడాయన.

"కొద్దిగా."

"ఈ గాలులు మంచివి కావు."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన పెరట్లోకి వెళ్ళి, వండుకునే పుల్లటి రూబార్బ్ కాడలు, ఎర్రగా బలిసినవి, ఒక కట్ట కోసి ఇచ్చాడు. ఇంటి గుమ్మంలోనే నెవిల్ ఎదురొచ్చాడు. "ఇచ్చావా?"

"జలుబు గురించి మాట్లాడుకున్నాం."

నెవిల్ ముఖం విప్పారింది. ఆ పూట రెండుసార్లు వడ్డించుకున్నాడు.

రెండోసారి అల్లం కేకు. అప్పుడు చెత్తబండి వచ్చే రోజు మారిన సంగతి మాట్లాడుకున్నారు. మూడోసారి రెండు రకాల కేకులు. రెండు కేకుల మధ్యన విషయం జారిపోయింది. ప్రతిసారీ సంచీ తెరవడం, కాగితం సగం బయటికి రావడం, జలుబు. ప్రతిసారీ రూబార్బ్. గ్లెన్ అడిగితే థెల్మా, "వెళ్ళి మాట్లాడొచ్చాను, మంచిగా మాట్లాడాడు" అంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా ఆ వారం ప్రార్థనలో ఆమె కాస్త వెనక వరసలో కూచుంది.

రెండు నెలలు గడిచాయి. ఇంటి చుట్టూ ఇనుప గొట్టాల సారవ లేచింది. దాన్ని చూడకుండా ఉండాలంటే కళ్ళు మూసుకోవాలి. మిస్టర్ బరక్లఫ్ దాని కిందుగానే నడిచి వెళ్తూ, టోపీ ఎత్తి, "వాతావరణం ఫరవాలేదండీ" అన్నాడు. "రేపు వాన అంటున్నారండీ" అంది థెల్మా. ఆ తర్వాత నుంచి ఆయన బయటికి రావడం తగ్గించాడు. పాపం, తన మీద కోపమొచ్చినా చెప్పలేకపోతున్నాడని ఆమె కుమిలిపోయింది.

నెవిల్ మాత్రం ఒక్కసారిగా పనిమంతుడైపోయాడు. గ్లెన్ కంటే ముందే అటకెక్కి, బరక్లఫ్ వైపు అడ్డంగా పెద్ద నీలం టార్పాలిన్ మేకులు కొట్టి కట్టాడు. "ఆ గోడ సున్నం రాలుతోంది. దూలం పెట్టే రోజు దాకా దీన్ని కదపొద్దు" అని గ్లెన్‌కి గట్టిగా చెప్పాడు. గ్లెన్ నేల దూలాలు పరిచాడు, కప్పులో కిటికీకి కంత కోశాడు. ఆ సాయంత్రం థెల్మా జీవితంలో మొదటిసారి నిచ్చెనెక్కి పైకి వెళ్ళింది. కంతలోంచి దూరపు కొండలు కనిపించాయి, వాటి మీద గొర్రెలు తెల్లటి చుక్కల్లా కదులుతున్నాయి. మంచం ఇక్కడ, బల్ల అక్కడ అని నేల మీద సుద్దతో గీసుకుంది. గీసిన మంచం మధ్యలో నిలబడి, చుట్టూ చూసి, ఎవరూ లేరు గదా అని ఒక్కసారి పడుకుని లేచింది.

దూలం పెట్టే రోజు వచ్చింది. ఆ రోజే కౌన్సిల్ నుంచి ఇళ్ళ తనిఖీ అధికారిణి రావాలి. పేరు నుజ్హత్ మీర్జా. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. యాస థెల్మా యాస కంటే ఒక పాలు చిక్కన. మెరిసే పసుపు కోటు, చేతిలో గదలాంటి టార్చిలైటు. ఆమె వెనకాలే థెల్మా, గ్లెన్ పైకెక్కారు. చూస్తే నెవిల్ అప్పటికే పైన ఉన్నాడు. టార్పాలిన్ ముందు రెండు చేతులూ చాపి, నిండిపోయిన బస్సు తలుపు దగ్గర జనాన్ని ఆపుతున్నట్టు నిలబడ్డాడు.

"మిస్టర్ గ్రీన్‌వుడ్, కాస్త జరుగుతారా? దూలం ఆనే చోటు చూడాలి."

"దుమ్మమ్మా. కోటు పాడవుతుంది."

"దుమ్ము కోసమే కుట్టించారండీ ఈ కోటు."

"ఒక పని చేద్దాం, ముందు కిందకెళ్ళి టీ తాగి…"

"నెవిల్," అంది థెల్మా, "జరుగు."

నుజ్హత్ టార్పాలిన్ అంచు పట్టుకుని ఎత్తింది. గోడ లేదు.

గోడ ఉండాల్సిన చోట చీకటి. ఆ చీకటిలోకి టార్చి వెలుగు వెళ్ళి, వెళ్ళి, ఎక్కడా ఆగలేదు. ముందు బరక్లఫ్ గారి పాత సూట్‌కేసులు, ఆ తర్వాతి ఇంటివాళ్ళ ఉయ్యాల, ఆ పైన ఎవరివో స్కేటింగ్ బూట్లు, అలా పదకొండిళ్ళ అటకలూ రైలుపెట్టెలా ఒకటే. ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న గోడ పడకగది కప్పు దాకా వచ్చి ఆగిపోయింది. నూరేళ్ళ కిందట కట్టినవాళ్ళు, పైన ఎవరు చూడొచ్చార్లే అని ఇటుకలు మిగుల్చుకున్నారు. గ్లెన్ పళ్ళ సందున గాలి పీల్చాడు, వదలడం మర్చిపోయాడు.

"పటం ప్రకారం ఈ దూలం కొస ఇక్కడి గోడలో దిగాలి" అంది నుజ్హత్. "గోడేదండీ?"

టార్చి పక్కకి తిరిగింది. రెండిళ్ళకీ ఉమ్మడిగా ఉన్న పొగగొట్టం కప్పులోంచి కిందికి దిగి ఉంది. ఇటు సగం గ్రీన్‌వుడ్‌ల గోడ మీద దిమ్మలా కుదురుగా కూచుంది. అటు సగం కింద మాత్రం ఏమీ లేదు. కింద గదుల్లో దాన్ని మోయాల్సిన ఇటుకల దిమ్మ ఎప్పుడో ఎగిరిపోయింది. టన్నుకి పైగా ఇటుకలు, రెండే రెండు ఇనుప బద్దల మీద నిలబడి ఉన్నాయి. ఆ బద్దలకి ఆకుపచ్చ రంగు.

థెల్మా ముందుకొచ్చి తొంగిచూసింది. ఒక బద్ద మీద వంకరగా, సగంలో చెదిరిపోయిన తెల్లటి డైసీ పువ్వు ఉంది. ఆ పువ్వు వేసింది తనే. పెళ్ళయిన కొత్తలో, ఇనుప మంచానికి ఆకుపచ్చ రంగు పూసి, అంచున పువ్వుల వరస వెయ్యబోయి, మొదటి పువ్వే పాడైతే వదిలేసింది.

"నెవిల్."

"ఊఁ."

"ఆ మంచాన్ని మనం చర్చి పాతసామాన్ల అమ్మకానికి ఇచ్చాం."

"ఇద్దామనే అనుకున్నాం" అన్నాడు నెవిల్.

నుజ్హత్ టార్చి దించి ఇద్దర్నీ చూసింది. "ఈ పని ఎవరు చేశారో మీకేమైనా తెలుసా?"

తెలుసు. నెవిల్ ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో మాట్లాడనంత ఆ అయిదు నిమిషాల్లో మాట్లాడాడు. ఎనభై నాలుగులో ఆడవాళ్ళంతా చర్చివాళ్ళతో స్కార్‌బరోకి రెండు రోజులు విహారం వెళ్ళారు. ఎడ్నాకి పియానో పెట్టుకునే చోటు లేదని ఎప్పట్నించో బాధ. ఆవిడ వచ్చేలోగా ఆ దిమ్మ తీసేసి ఆశ్చర్యపరుద్దామని లయనెల్ బరక్లఫ్ ఆలోచన. సుత్తి నెవిల్‌ది. శనివారం సాయంత్రానికి కిందా పైనా దిమ్మంతా ఊడ్చేశారు. టీ తాగుతూ కూచున్నప్పుడు లయనెల్, "అవునూ, పై భాగాన్ని ఇప్పుడేది మోస్తోంది?" అన్నాడు. అప్పటిదాకా ఆ ప్రశ్న ఇద్దరికీ తట్టలేదు.

"షాపులు మూసేశారు తల్లీ. ఇంట్లో ఉన్న ఇనుమంటే మంచమొక్కటే."

"సోమవారం షాపులు తెరిచారు గదా?"

"తెరిచారు. కానీ ఆదివారం ఎడ్నా వచ్చి పియానో చూసుకుని ఏడ్చేసింది. ఆ సంతోషంలో చెప్పలేకపోయాం. తర్వాత నిదానంగా చెప్దాంలే అనుకున్నాం."

"ఇరవై ఎనిమిదేళ్ళా?"

"సరైన సందర్భం రాలేదు" అన్నాడు నెవిల్.

నుజ్హత్ నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండటానికి నోటుపుస్తకంలో చాలాసేపు ఏదో రాసింది. రాయడమయ్యాక గొంతు మారింది. "గ్లెన్, పని ఆపెయ్యండి. పక్కింట్లో ఆ గొట్టం కింద ఈ పూటే ఆధారాలు నిలబెట్టాలి. ఆయన ఆ గదుల్లో ఉండకూడదు. ఇక దూలం సంగతి. ఈ అటకలో నేల నుంచి పైకప్పు పలకల దాకా నిఖార్సయిన గోడ లేవాలి. రేపు ఏదైనా అంటుకుంటే పదకొండిళ్ళూ ఒక్క పొయ్యి అవుతాయి. పొగగొట్టానికి సరైన ఇనుము పడాలి. లెక్కలు వేసే ఇంజినీరు పైకెక్కి చూసి వెయ్యాలి. ఆ గోడ సగం పక్కింటి మీద నిలబడుతుంది కాబట్టి ఆయన ఒప్పుకోవాలి."

"ఒప్పుకోకపోతే?" అంది థెల్మా.

"ఆనడానికి గోడ లేని గదికి నేను సంతకం పెట్టను, మిసెస్ గ్రీన్‌వుడ్. పడకగది ఉండదు. అటక అటకలాగే ఉంటుంది." కాస్త మెత్తబడి, "ఆయనకి నోటీసు రెండు నెలల కిందే ఇచ్చారట గదా. ఏమన్నారు?" అని అడిగింది.

థెల్మా నేల మీద సుద్దగీతల్ని చూసింది. గ్లెన్ బూటు పడి మంచం మూల ఒకటి చెరిగిపోయింది.

"మేము కేకు తిన్నాం తల్లీ" అంది.

కిందికి దిగి, ముఖం కడుక్కుని, కేకు లేకుండా మొదటిసారిగా బరక్లఫ్ గుమ్మం తట్టింది. వెనక నుజ్హత్, ఆ వెనక ఇనుప ఆధారాలు మోస్తూ గ్లెన్, అందరి వెనకా నెవిల్. మిస్టర్ బరక్లఫ్ టై సవరించుకుంటూ తలుపు తీశాడు. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకున్న మాటలన్నీ థెల్మా మర్చిపోయింది.

"మిస్టర్ బరక్లఫ్, మా మంచం మీ అటకలో ఉందండీ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "లోపలికి రండి, మిసెస్ గ్రీన్‌వుడ్. వస్తారని తెలుసు. ఆ కాగితం ఇచ్చెయ్యండి."

"ఏ కాగితం?"

"మీ సంచీలోది. మూడుసార్లూ చూశాను. పైన లావుగా చట్టం అని ఉంది. పొగగొట్టం సంగతి మీకు తెలిసిపోయి నా మీద నోటీసు తెచ్చారనుకున్నాను. మంచివారు కాబట్టి, ఇవ్వడానికి చేతులు రాక మళ్ళీ లోపల పెట్టేసుకుంటున్నారని…"

"దానికోసమా ఆ రూబార్బ్?"

"నా దగ్గర ఇంకేముందండీ ఇవ్వడానికి."

థెల్మా సంచీ తెరిచింది. నాలుగోసారికి కాగితం పూర్తిగా బయటికొచ్చింది. అంచులు నలిగి, ఒక మూల కేకు జిడ్డు అంటింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఒక్క ముక్క వదలకుండా చదివాడు. ఆయన చదువుతున్నంతసేపూ ఆమె కూచోలేకపోయింది. ఆయన వద్దంటే తప్పేముంది? గోడ లేపాలంటే ఆయన ఇంట్లో నెలల తరబడి దుమ్ము, చప్పుడు. ఈ వయసులో ఆ బాధంతా ఆయనెందుకు పడాలి? పోనీలెండి, గది లేకపోతే ఏమవుతుంది, ఇన్నాళ్ళు గడవలేదా అనేద్దామని నోరు తెరిచింది.

ఆయన కాగితం దించాడు. "ఇంతేనా? అటకలో గది కావాలనేనా?"

"మీకు చాలా చప్పుడవుతుందండీ."

"చప్పుడా" అన్నాడాయన. నెవిల్ వైపు చూశాడు, మర్యాదగా చూపు తిప్పుకున్నాడు. "మిసెస్ గ్రీన్‌వుడ్, మీ పడకగదికీ మా పడకగదికీ మధ్య ఉన్నది ఒక్క వరస ఇటుక. ముప్ఫై నాలుగేళ్ళుగా నేనూ వింటున్నాను. ఎడ్నా చెవుల్లో దూది పెట్టుకునేది. మీకు ఆ గది చాలా అవసరమండీ. పెన్ను ఎక్కడుంది?"

"నా గురక అంత ఉంటుందా?" అన్నాడు నెవిల్, గుమ్మంలోంచి.

"సాయంత్రం వాన పడేలా ఉంది" అన్నాడు మిస్టర్ బరక్లఫ్. "అవునండీ, మబ్బు పట్టింది" అంది థెల్మా. నుజ్హత్ కూడా కిటికీలోంచి చూసి, "పడుతుంది" అంది.

గ్లెన్ పియానోని జరిపి ఆధారాలు నిలబెట్టాడు. వెనక్కి వస్తుంటే సందులో థెల్మా ఆగింది. "అటక అనగానే నీ ముఖం మాడిపోయింది దీనికేనా? నేను పక్కలోంచి పోతున్నానని దిగులు పడ్డావనుకుని నీ నెత్తి మీద ముద్దు కూడా పెట్టాను."

నెవిల్ ఆలోచించాడు. అబద్ధాలు ఒక్కరోజుకి చాలనిపించింది కాబోలు. "అదీ ఉంది, థెల్" అన్నాడు. "పొగగొట్టం ఎక్కువ, అది తక్కువ. కానీ ఉంది."

థెల్మా ఆయన చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళింది.

మిస్టర్ బరక్లఫ్ అక్కడికక్కడే సంతకం పెట్టినా, ఆయనకది చాల్లేదు. మూడో రోజున తపాలాలో, బిళ్ళ అంటించిన కవర్లో, గుండ్రటి దస్తూరీతో ఒక ఉత్తరం వచ్చింది. 'ప్రియమైన మిసెస్ గ్రీన్‌వుడ్, మీ గది విషయమై నాకెట్టి అభ్యంతరమూ లేదు. పైగా సంతోషం. ఇట్లు, ఎల్. బరక్లఫ్.' పక్కింటి నుంచి పక్కింటికి ఆ ఉత్తరం ఊరు చుట్టి, రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చింది.

వేసవంతా పని జరిగింది. కొత్త ఇంజినీరు అటకెక్కి, చొక్కా నల్లగా చేసుకుని దిగాడు. గోడ లేచింది. దాని మందం వల్ల గది బెత్తెడు కురచైంది, కుట్టుబల్లని మెట్ల వైపు జరపాల్సి వచ్చింది. ఉమ్మడి పనికి ఉమ్మడి నేరస్థులు గదా అని నెవిల్, లయనెల్ ఇద్దరూ బకెట్లతో ఇటుకలు అందించారు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి టై మీద సిమెంటు పడితే పడిందని కూడా చూసుకోలేదు. ఎన్నేళ్ళకో ఒకసారి దొరికే దుడుకు పని అది. మధ్యాహ్నాలు థెల్మా ఇద్దరికీ టీ ఇస్తూ, ఏ గోడ దగ్గరైనా సుత్తి పట్టుకుని ఇద్దరూ ఒకేసారి కనిపిస్తే, "ఏంటి సంగతి?" అని అడిగేది.

ఇనుప దూలం గోడలో దిగింది. మెట్లు వచ్చాయి. నిప్పుకి తట్టుకోవాలని ఇంట్లో తలుపులన్నీ బరువైనవి బిగించారు. నుజ్హత్ నాలుగుసార్లు వచ్చి, మూడుసార్లు తల అడ్డంగా ఊపింది. మెట్ల పైన తల తగిలే ఎత్తు రెండు వేళ్ళు తక్కువైంది, గ్లెన్ వాసం జరిపాడు. పొగ పసిగట్టే గంట ఒకటి తప్పు చోట పెట్టారు, మార్చారు. ప్రతిసారీ థెల్మాకి ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. పట్టకపోవడానికి పక్కన బస్సు కూడా ఉంది.

అక్టోబరులో, మంగళవారం పొద్దున, నుజ్హత్ ఆఖరుసారి వచ్చింది. మెట్లు కొలిచింది. గంట నొక్కి ఇల్లంతా అదరగొట్టింది. కిటికీ తెరిచి మూసింది. గోడ దగ్గర మోకాళ్ళ మీద కూచుని, పలకల దాకా టార్చి వేసి చూసింది. థెల్మా మెట్ల మీద నిలబడి, ఆ పసుపు కోటు వీపునే చూస్తోంది.

"పక్కాగా ఉందండీ" అని లేచింది నుజ్హత్. కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది. "ఇంక ఇది పడకగది. చట్టప్రకారం."

"టీ తాగి వెళ్ళు తల్లీ."

"డ్యూటీలో ఉన్నానండీ. కేకుంటే మాత్రం పొట్లం కట్టివ్వండి."

అదే రోజు మధ్యాహ్నం మూడింటికి థెల్మా పైకి వెళ్ళింది. సాయంత్రం దాకా ఆగుదామనుకుంది గానీ, అరవై ఒక్క ఏళ్ళు ఆగింది చాలనిపించింది. బయట సన్నటి వాన. తలకి రెండడుగుల ఎత్తులో పలకల మీద చినుకులు చప్పుడు చేస్తున్నాయి. మంచం మీద నడుం వాల్చి, అటు కాలు చాపి చూసింది. ఇటు చాపి చూసింది. ఎక్కడా ఎవరూ తగల్లేదు. లేచి వెళ్ళి తలుపు మూసింది. బరువైన తలుపు, మెత్తగా, ఆఖర్న ఒక్క 'టక్' మంటూ పడింది. ఇంటి శబ్దాలన్నీ అవతలే ఉండిపోయాయి. మళ్ళీ వచ్చి పడుకుంది.

కళ్ళు మూతలు పడుతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. పైమెట్టు దగ్గర ఆగాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఏనాడూ పడకగదిలోకి ఆయన అడిగి రాలేదు, ఆమె అడిగించుకోలేదు. అంచేత ఇప్పుడేం చెయ్యాలో అటు ఆయనకీ తెలీదు, ఇటు ఆమెకీ తెలీదు.

తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. చాలా నెమ్మదిగా.

"ఎవరు?" అంది థెల్మా.

"నేనే. టీ తెచ్చాను."

ఆమె దుప్పటి సర్దుకుంది. దిండు సర్దుకుంది. సర్దడానికి ఇంకేమీ లేకపోయినా ఇంకాసేపు అలాగే ఉంది.

"ఒక్క నిమిషం ఆగు" అంది.

నెవిల్ బయట కప్పు పట్టుకుని ఆగాడు.